ఫోన్‌లో నాయిన

పెళ్లాం పిల్లల్ని సాకడానికే ఊళ్లు పట్టుకు తిరుగుతున్నానంటాడు శైలేందర్. నిజమే, కాదన్నదెవరు? కానీ ఆ పిల్లే తన ముఖం చూసి దొంగను చూసినట్టు ఏడిస్తే, ఆ తిరుగుడు ఎవరి కోసమో మీరే చెప్పండి.

అతను రైసు మిల్లుల్లో యంత్రాలు బిగించే ఫిట్టరు. సూర్యాపేట, మిర్యాలగూడ, అక్కణ్ణుంచి గోదావరి జిల్లాలు. దిల్‌సుఖ్‌నగర్ కిరాయి ఇంట్లో భార్య అఖిల, రెండేళ్లు నిండిన కూతురు లాస్య. గ్యాసు బండ, నీళ్ల ట్యాంకరు, పిల్ల జ్వరం, ఓనరు సణుగుడు, అన్నీ అఖిల నెత్తినే. వాటికి ఆమె ఏనాడూ బెదరలేదు.

బెదిరింది ఒక్కదానికే. సాయంత్రం అతను ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టి పిల్ల ముందు ఉంచేది. "లాస్యమ్మా, బువ్వ తిన్నవా బిడ్డా?" అని ఫోన్ అడిగేది. పిల్ల గిన్నెలోంచి ముద్ద తీసి ఫోన్‌కు పెట్టేది. "నాయినా, తిను" అనేది. బటన్ల సందుల్లో పెరుగన్నం ఎండిపోయేది. మొదట్లో అఖిల పడీ పడీ నవ్వింది. తర్వాత తెలిసొచ్చింది, ఈ పిల్ల లెక్కలో నాయినంటే అరచేతిలో పట్టే ఆ నల్లటి వస్తువే. అప్పుడప్పుడూ ఇంటికొచ్చే మీసాలాయన ఎవరో.

పోయినసారి అతను ఎత్తుకోబోతే లాస్య ఏడ్చి ఏడ్చి కమిలిపోయింది. "దించయ్యా, పిల్లకు ఊపిరి ఆడుతలేదు" అని అఖిలే అనాల్సి వచ్చింది. శైలేందర్ చాప చంకన పెట్టుకుని డాబా మీదికి పోయి పడుకున్నాడు. పొద్దున చెప్పులేసుకుంటూ, "ఈసారి గూడ గిట్లనే ఏడిస్తే ఇగ నేను రాను అఖిలా. పైసలు పంపుత. పిల్లను భయపెట్టేటందుకు వచ్చుడెందుకు?" అన్నాడు. కోపంగా అంటే ఆమె కొట్టిపారేసేదే. మెల్లగా అన్నాడు. మాటంటే మాటే అనే మనిషి కూడాను, అదే వచ్చిన చిక్కు.

ఇంతలో తెలంగాణ సమ్మె వచ్చింది. బస్సులు బంద్, ఆఫీసులు బంద్. ఒకరోజు ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండి అన్నది కదలకుండా కూర్చోవడం. పక్కింటి పూలమ్మ ఊరుకుంటుందా? "నడువ్ బిడ్డా, ఇంట్ల కూసొని గోడలకు చెప్పుకుంటవా నీ బాధ?" అని తల్లినీ పిల్లనీ లాక్కుపోయింది.

చౌరస్తా చూసి అఖిల అలాగే నిలబడిపోయింది. విజయవాడ రోడ్డు అది. లారీల మోతకు పక్క మనిషి మాట వినపడని రోడ్డు. ప్రతిసారీ తన మొగుణ్ణి పట్టుకుపోయే రోడ్డు. ఇవాళ దాని మీద జనం బంతులు తీరి కూర్చున్నారు. గుండిగల్లో పప్పు ఉడుకుతోంది. ఎవరి పసిబిడ్డో నడిరోడ్డు తెల్ల గీత మీద హాయిగా నిద్రపోతోంది. ఇంతటి రోడ్డును ఉత్త చేతులతో ఆపేశారా వీళ్లు అని ఆమెకు ఒళ్లు జలదరించింది.

అప్పుడు ఫోన్ మోగింది. "ఇంటికొస్తుంటే లారీని పనామా గోదాముల కాడ ఆపిన్రు. నడుసుకుంట వస్తున్న" అన్నాడు శైలేందర్.

"మేం ఎల్బీ నగర్ చౌరస్తల్నే ఉన్నం. గీడికే రా" అంది అఖిల. అన్నాక గాని అతని మాట గుర్తుకు రాలేదు. ఇవాళ పిల్ల ఏడిస్తే అంతే సంగతులు.

మామూలుగా అయితే అతను ఇంటి మెట్లెక్కే ముందే ఫోన్ పెట్టేసేవాడు. ఈ జనంలో వెతుక్కోవాలి కదా, పెట్టెయ్యలేదు. అఖిల స్పీకర్ నొక్కి ఫోన్ ఒళ్లో పెట్టుకుని పిల్లకు పప్పన్నం విస్తరి అందించింది. నినాదాలు ఆగాయి. అరిచిన నోళ్లన్నీ ఇప్పుడు తింటున్నాయి. చౌరస్తా అంతటా విస్తళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. లాస్య అలవాటు ప్రకారం ముద్ద తీసి ఫోన్ మీదికి వంగింది.

"లాస్యమ్మా, బువ్వ తిన్నవా బిడ్డా?"

ఫోన్ అడిగింది. ఎదురుగా, బంతి చివర, దుమ్ము కొట్టుకుపోయి నిలబడ్డ మీసాలాయన కూడా అడిగాడు.

పిల్ల చెయ్యి గాల్లో ఆగింది. ఫోన్‌ను చూసింది. ఆయన్ని చూసింది. శైలేందర్ దగ్గరికి రావడానికి భయపడి అక్కడే ఆగిపోయాడు. మాట్లాడమని అఖిల సైగ చేసింది.

"ఏం బువ్వ బిడ్డా?" అన్నాడు. రెండు చోట్ల నుంచీ అదే గొంతు. అఖిల చటుక్కున ఫోన్ కట్ చేసింది.

"నాకు పెడ్తవా?" అన్నాడతను. ఈసారి ఫోన్ పలకలేదు. ఆయన పలికాడు.

లాస్య ఫోన్‌ను తిప్పి వెనక్కి చూసింది. అక్కడ ఎవరూ లేరు. తల్లి ఒళ్లోంచి జారి, ముద్ద పిడికిట్లోనే పట్టుకుని తప్పటడుగులతో నడిచింది. పూలమ్మ నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. శైలేందర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. పిల్ల అతని పెదవులు తడిమి చూసి, తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నాయిన బైటికొచ్చిండు" అంది.

అని, నలిగిపోయిన ఆ పప్పన్నం ముద్ద అతని నోట్లో కుక్కింది. శైలేందర్‌కు మింగుడు పడలేదు. కళ్లలోంచి నీళ్లు మీసాల్లోకి దిగుతున్నా తుడుచుకోలేదు. పిల్ల అతని చొక్కా గుండీ పట్టుకుని చాలా కచ్చితంగా చెప్పింది.

"మల్ల లోపలికి పోకు."

అతను అఖిల వైపు చూశాడు. ముద్ద మింగాడు.

"పోయినా, మల్ల బైటికొస్త బిడ్డా" అన్నాడు.