ఇంజనీరు తెచ్చిన కానుక

మా ఊరి రోడ్డు కింది తూము ఇరుకు. గట్టి వాన పడితే కొండ నీళ్ళన్నీ రోడ్డు దగ్గర ఎదురుతన్ని మొక్కజొన్నని ముంచుతాయి. తూము పెద్దది చెయ్యమంటే తుబాన్ పట్నంలో రోడ్ల ఆఫీసువాళ్ళు కంప్యూటరు చూపించారు. అందులో మా కొండంతా టేకు అడవి, నేలంతా ఇసుక. పడ్డ వానని నేలే తాగేస్తుందట, తూముదాకా నీళ్ళే రావట. టేకు కొట్టేసిననాడు పుట్టిన పిల్లలకి ఇప్పుడు పెళ్ళిళ్ళయ్యాయి. ఎవడో పాత పటం అంటించి దానికి లెక్క అని పేరు పెట్టాడు. నేను ఆఫీసు గుమ్మంలో చాప వేశాను. నన్ను లేపలేక పుర్వాంతో అనే కుర్ర ఇంజనీరుని పంపారు.

అతను కొండంతా తిరిగి వాలు కొలిచాడు, ఎక్కడ ఏ పైరుందో రాసుకున్నాడు, చేనుకో సంచీ మట్టి తవ్వాడు. సంచులు సరింతెన్ అవ్వ వసారాలో దించి, రేపొస్తానని పక్క ఊరు వెళ్ళాడు.

మా వైపు అతిథి వసారాలో మూట దించితే అది కానుకే. సంచీ ఖాళీగా తిరిగివ్వడం మర్యాద కాదు. పైగా అవ్వ బతుకుతెరువు ఆంపో అనే మట్టి చిరుతిండి. బంకమట్టిని దిమ్మ కొట్టి, వెదురు చీలికతో చుట్టలుగా గీకి, పొగబెట్టి అమ్ముతుంది. ఊరంతా కరకరా నములుతుంది.

మర్నాడు పుర్వాంతో సంచులు విప్పితే నిండా ఆంపో.

"అవ్వా, ఇవి పరీక్షకి తీసుకెళ్ళాల్సినవి."

"మట్టి మంచిదే నాయనా. రాళ్ళున్నాయి, ఏరేశాను. అన్నీ కలిపి దంచాను."

అతను నెత్తి పట్టుకున్నాడు. సాయంత్రం బస్సుకి వెళ్ళాలి, ఈసారికి పటంలో ఉన్న ఇసుకే ఉంచేస్తానని గొణిగాడు.

"ఇసుకని చుట్ట చుట్టి చూపించు, తర్వాత ఉంచుదువు," అన్నాను.

"బంకమట్టని నాకూ తెలుసన్నా. పొగబెట్టినదాన్ని లాబువాళ్ళు తీసుకోరు."

"అయితే పలుగు పట్టు."

ఊరు ఊరంతా పారలతో కొండెక్కింది. మళ్ళీ చేనుకో సంచీ నింపాం. బస్సొచ్చేదాకా సంచుల మీదే కూర్చున్నాడతను. ఊరికే కూర్చోలేక పాత నమూనాలు సగం నమిలేశాడు.

పరీక్షలో బంకమట్టని తేలింది. కంప్యూటరులో టేకు పోయి మొక్కజొన్న మొలిచింది. వానలకి ముందే తూము పగలగొట్టి పెద్దది కట్టారు.

పుర్వాంతో ఇప్పటికీ వస్తుంటాడు. సంచులు మాత్రం జీపులో పెట్టి తాళం వేసుకుంటాడు. అందుకే అవ్వకి అతనంటే గుర్రు.

"చదువుకున్నాడు గానీ మర్యాద తెలీదు. మొదటిసారే ఏదో తెచ్చాడు. అప్పట్నుంచీ ఉత్తచేతులే."