ఏడు పేర్ల వెనక ఒక్క చెయ్యి

ఆఫీసులో ఆవిడకు ప్రశ్నల పుట్ట అని పేరు. ముఖాన ఎవరూ అనరు గానీ, అంటారన్న సంగతి ఆవిడకు తెలుసు. పదిహేనేళ్లు తూనికలు-కొలతల విభాగంలో ఇన్‌స్పెక్టరుగా చేసి, ఈమధ్యే పరిశ్రమల శాఖకు బదిలీ మీద వచ్చింది. ఏ త్రాసు మీదైనా అనుమానం వచ్చిందంటే, దాన్ని విప్పి లోపల ఏముందో చూసేదాకా ఆవిడకు తిండి సయించదు. ఇక్కడికొచ్చాక విప్పడానికి త్రాసులు లేవు, కాగితాలే ఉన్నాయి.

ఆ నెల శాఖంతా ఒకే పనిలో తలమునకలై ఉంది. కొత్త విధానం రాస్తున్నారు. జనానికి ప్రాణావసరమైన వస్తువులు ఏవి, అవి ఎక్కడ తయారవుతున్నాయి, ఒకచోట పని ఆగిపోతే ఇంకోచోటి నుంచి తెచ్చుకోగలమా అన్నది తేల్చాలి. ప్రతి వస్తువుకీ కనీసం ఇద్దరు తయారీదారులు ఉండాలన్నది అందులో అసలు వాక్యం. ఒక్కరే ఉన్నచోట రెండోవారిని నిలబెట్టడానికి సర్కారు సాయం చేస్తుంది. ఇన్‌స్పెక్టరమ్మకు ఆసుపత్రి సామాను జాబితా అప్పగించారు. అందులో రోగికి ఊపిరి అందించే వెంటిలేటరు ఎదురుగా ఏడు కంపెనీల పేర్లున్నాయి. డైరెక్టరు దాని పక్కన అప్పటికే టిక్కు పెట్టేశాడు.

ఏడుగురున్నప్పుడు బెంగేముంది, ఒక్కరే తయారుచేసే వస్తువుల సంగతి చూడండి అన్నాడాయన. మంచివాడే, కానీ మంత్రిగారి దగ్గరికి నెలాఖరుకల్లా కాగితం పంపాల్సినవాడు.

ఆవిడా వదిలేద్దామనే అనుకుంది. కానీ ఏడు కంపెనీలూ యంత్రాన్ని బిగిస్తాయి సరే, లోపలి సామాను ఎవరు చేస్తారన్న ప్రశ్న పురుగులా తొలచడం మొదలుపెట్టింది. ఏడు కంపెనీలకూ ఫోన్లు చేసింది. గాలిని వదిలి ఆపే వాల్వు ఏ ఒక్కరూ సొంతంగా చెయ్యరట. ఏడుగురూ మూడు కంపెనీల దగ్గరే కొంటారు. ఆ మూడింటినీ తలా ఒక వాల్వు పంపమని అడిగింది. అవి వచ్చిన రోజు బల్ల మీద పాత దినపత్రిక పరిచి, స్క్రూడ్రైవరుతో మూడింటినీ విప్పేసింది. పక్క సీటు గుమాస్తా కుర్చీ కాస్త దూరం జరుపుకున్నాడు.

ప్రతి వాల్వు కడుపులోనూ ఒక స్ప్రింగు ఉంది. చిటికెనవేలి గోరులో సగం ఉంటుంది. భూతద్దం పెట్టి చూసింది. చివరి చుట్టు కొస లోపలికి పిసరంత వంచి ఉంది. రెండోదీ అలాగే ఉంది, మూడోదీ అంతే. యంత్రం అలా వంచదు, పట్టకారుతో ఎవరో ఒక్కొక్కటే వంచారు.

మూడూ తీసుకెళ్లి డైరెక్టరు ముందు పెట్టింది. ఆయన భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"ముగ్గురూ ఒకే రకం కొని ఉంటారు," అన్నాడు.

"ఒకే రకమా, ఒకే మనిషి దగ్గరా, సార్?"

ఆయన కలం తీశాడు. టిక్కు మీద ఒక గీత కొట్టి, వారం రోజుల్లో తేల్చమన్నాడు.

మూడు వాల్వుల కంపెనీలూ అటూ ఇటూ తిప్పి చివరికి ఒకే ఏజెంటు నంబరు ఇచ్చాయి. అతను బక్కపలచటి మనిషి, చేతిలో రెండు ఫోన్లు. స్ప్రింగులు ఎక్కడ చేయిస్తావని అడిగితే నీళ్లు నమిలాడు. రెండు మూడు చోట్ల అన్నాడు. ఆ మూడు చోట్లా చూపించమంటే రెండు ఫోన్లూ మార్చి మార్చి చూసుకున్నాడు. తాను కొనడానికి రాలేదనీ, అతని బేరం జోలికి పోననీ ఆవిడ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాక గానీ మనసు కరగలేదు.

"ఒక్కచోటేనమ్మా," అన్నాడు కాగితం జేబులో పెట్టుకుంటూ. "ఆ మాట మీతో తప్ప ఎవరితోనూ అనలేదు. అంటే నా బతుకు ఏం కాను?"

అతనే దగ్గరుండి తీసుకెళ్లాడు. పాత టైర్ల దుకాణం పక్కన ఇనుప మెట్లెక్కితే పొడవాటి గది. కిటికీ పక్కన తీగ చుట్టే మిషను, దాని పక్కన చిన్న పొయ్యి, మూలన గుడ్డ కప్పిన మరో మిషను. కిటికీ పక్క మిషను ముందు కూర్చున్న యాభై ఐదేళ్ల మనిషిని అందరూ స్ప్రింగులక్క అంటారు. తల ఎత్తకుండానే, ఆ స్టూలు మీద నూనె ఉంది, ఇంకోటి లాక్కోమని చెప్పింది.

కొస ఎందుకు వంచుతారన్నది ఇన్‌స్పెక్టరమ్మ మొదటి ప్రశ్న. అక్క అప్పుడు తల ఎత్తి చూసింది. ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరట. కొస అలాగే వదిలేస్తే లోపలి రబ్బరును గీరుతుంది, ఆర్నెల్లకు గాలి కారుతుంది. కంపెనీలు ఇచ్చిన డ్రాయింగులో అది లేదు. కాలం చేసిన భర్త మొదలుపెట్టిన అలవాటు, అక్క మానలేదు.

మాట్లాడుతూనే అక్క ఒక్కో స్ప్రింగునూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి పళ్లెంలో వేస్తోంది. ఇరవైలో రెండు పక్కకు తీసింది. ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి ఊరుకోలేదు. సంచిలోంచి తన చిన్న త్రాసు తీసి, ఒక్కో స్ప్రింగునూ డ్రాయింగులో చెప్పిన ఎత్తుకు నొక్కి బరువు చూసింది. పద్దెనిమిదీ సరిగ్గా ఉన్నాయి. తీసేసిన రెండూ మెత్తగా ఉన్నాయి. మళ్లీ ఇంకో ఇరవై తీసి చూసింది. ఆ వేళ్లు తప్పు చెప్పలేదు. అయినా మెత్తవి తగిలాయని అక్క పళ్లెమంతా చెత్తడబ్బాలో కుమ్మరించింది.

"ఈ పని మీరు కాక ఇంకెవరికి వచ్చక్కా?"

"ఎవరికీ రాదు," అంది అక్క. ఖాళీ పళ్లెం తుడుస్తూ, "నాకు తెలిసి," అని కలిపింది.

ఏజెంటు కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టాడు. ఇన్‌స్పెక్టరమ్మ లేచి మూలనున్న మిషను మీది గుడ్డ ఎత్తింది. లోపల దుమ్ము లేదు, నూనె మెరుస్తోంది. ఎవరూ కూర్చోని మిషనుకు నూనె ఎవరు పెడుతున్నారని అడిగితే, తుప్పు పడితే ఎవరికి లాభమని అక్క ఎదురు ప్రశ్న వేసింది. ఆ తర్వాత తన మిషను వైపు తిరిగి తీగ చుట్టడం మొదలుపెట్టింది. మిగతా కథ మెట్లు దిగుతూ ఏజెంటు చెప్పాడు. ఆ మిషను అక్క మరిదిది. అన్న పోయాక వదినా మరిదీ కలిసే పనిచేశారు. ఆరేళ్ల కిందట ఒకేసారి చుట్టిన ఒక మోపు స్ప్రింగుల్లో మూడు మెత్తగా ఉన్నాయని అక్క మోపంతా చెత్తడబ్బాలో కుమ్మరించింది, అదీ ఏజెంటు ముందే. మూడు తీసేసి మిగతావి పంపొచ్చు కదా అన్నాడు మరిది. మూడు చెడితే మిగతావాటిని ఎలా నమ్మడం అంది వదిన. మాటా మాటా పెరిగింది. మరిది చెప్పులేసుకుని దిగిపోయాడు. అప్పటినుంచి ఎడమొహం పెడమొహం.

నాలుగు వీధుల అవతల మరిది తాళాలు, షట్టర్లు బాగుచేసుకుంటున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ మర్నాడు పొద్దున్నే అక్కడికి వెళ్లింది. వదిన పేరు ఎత్తగానే అతను ఆకురాయి కింద పెట్టేశాడు. అయితే విసుక్కోలేదు. లోపలికెళ్లి గాజుసీసా ఒకటి తెచ్చి ముందు పెట్టాడు. ఆరోజు చెత్తడబ్బాలోంచి ఆ మూడింటితో పాటు ఏరుకున్న కొన్ని స్ప్రింగులట. ఎందుకు దాచావని అడిగితే, ఎవరిది తప్పో ఎప్పటికైనా తేల్చుకోవాలనే అన్నాడు.

తేల్చడానికి ఇన్‌స్పెక్టరమ్మకంటే తగినవాళ్లు ఎవరు? సీసాలో ఇరవై ఉన్నాయి. ఒక్కొక్కటే తూచింది. పదిహేడు సరిగ్గా ఉన్నాయి. మూడు మెత్తన. మరిది తల పంకించాడు. వదిన పట్టుకున్నవీ అవే మూడు. ఆవిడ చెయ్యి తప్పని అతను ఏనాడూ అనలేదు, మిగతావి పారెయ్యడమే తప్పన్నాడు.

"మరి ఆ మూడే ఎందుకు చెడ్డాయి?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

అతను తల గోక్కున్నాడు. వెళ్లిపోయాక రెండేళ్లకు తట్టిందట. తీగ రీలు చివరికొచ్చేసరికి, లోపలి బొంగును ఆనుకున్న చుట్లు మరీ బిగుతుగా ఉంటాయి. ఆ తీగకు వంపు పట్టేసి ఉంటుంది. దాంతో చుట్టిన స్ప్రింగు మెత్తబడుతుంది. రీలు చివర రెండు బారలు కోసి పారేస్తే చాలు, మోపంతా నిక్షేపంలా ఉంటుంది. ఈ మాట వదినకు చెప్పావా అంటే, ఆవిడ అడగలేదు అన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ తిన్నగా ఇనుప మెట్లెక్కింది. విన్నది విన్నట్టు చెప్పింది. అక్క మిషను ఆపింది. దాదాపు అయిపోయిన రీలొకటి తీసి, చివరి తీగతో పది స్ప్రింగులు చుట్టింది, పొయ్యిలో కాల్చింది, చల్లారాక ఒక్కొక్కటే నొక్కి చూసింది. ఆరు మెత్తన. వాటిని అరచేతిలోకి ఏరుకుంది.

"ఆరేళ్లుగా మోపులకు మోపులు పారబోశాను," అంది. "వాడికి తెలిసి ఊరుకున్నాడా?"

"మీరడగలేదన్నాడక్కా."

"అడగలేదు," అని ఒప్పుకుంది అక్క. "నాకు తెలియనిది వాడికి తెలుస్తుందనుకోలేదు."

విధానం సంగతి అప్పుడు విప్పి చెప్పింది ఇన్‌స్పెక్టరమ్మ. రెండో చెయ్యి కావాలి, అదీ వేరే చోట ఉండాలి. ఇక్కడ నిప్పంటుకున్నా, అక్కకు జ్వరం వచ్చినా అక్కడ పని ఆగకూడదు. ఒకే గదిలో రెండు మిషన్లుంటే లెక్కలోకి రాదు. పరీక్ష చేసే పరికరం సర్కారు ఇస్తుంది. అక్క చేతిలోని మెత్తవాటిని చెత్తడబ్బాలో పడేసింది. పని ఇంకొకరికి అప్పగిస్తే తన చేతికి విలువేముంటుందని ఒకసారి అంది. మళ్లీ తనే, వాడు ఇంకొకడెలా అవుతాడు అనుకుంది. మిషను తీసుకుపొమ్మని మరిదికి చెప్పమంది. తాను మాత్రం మాట్లాడనంది.

మరిది తోపుడు బండి తెచ్చుకుని వచ్చాడు. అన్నమాట ప్రకారం ఇద్దరూ మాట్లాడుకోలేదు. కాకపోతే అతను మెట్ల మీద మిషను వంచబోతే, "అటు కాదు, బరువంతా ఎడమవైపుంది," అని అక్క గోడకు చెప్పింది. అతను గోడ మాట విని కుడివైపు వంచాడు.

డైరెక్టరు నివేదిక రెండుసార్లు చదివాడు. ఏడు కంపెనీలన్న చోట ఒకటి అని రాయాల్సి రావడం ఆయనకు మింగుడుపడలేదు. మంత్రిగారి ముందు అది మాటపోయినట్టుంటుందని గొణిగాడు. అయినా రాశాడు. అంతేకాదు, అసలు వాక్యంలో కంపెనీలను లెక్కపెట్టడంతో సరిపెట్టక, లోపలి చిట్టచివరి భాగం దాకా చూడాలని ఒక ముక్క కలిపాడు. ఆ ముక్క పుణ్యమా అని జాబితాలో టిక్కులున్న వస్తువులన్నీ మళ్లీ ఇన్‌స్పెక్టరమ్మ బల్ల మీదికి వచ్చిపడ్డాయి. గుమాస్తా ఈసారి తన కుర్చీ దగ్గరికి జరుపుకుని, వాటిని ఎలా విప్పాలో చూపించమన్నాడు.

రెండు నెలలకు మరిది మొదటి మోపు తయారైంది. దాన్ని అక్క చేత్తో నొక్కి చూడాలని ఇన్‌స్పెక్టరమ్మే పట్టుబట్టింది. వందలో ఒకటి పక్కకు తీసింది అక్క. త్రాసు మీద పెడితే అది హద్దుకు సరిగ్గా అంచున ఉంది. పనికొస్తుందని మరిది, పనికిరాదని వదిన. ఈసారి గోడ అవసరం రాలేదు. నేరుగానే వాదించుకున్నారు, అన్న ఉండి ఉంటే ఏమనేవాడో దాకా వెళ్లారు. ఏజెంటు ఒకసారి వదిన వైపు, ఒకసారి మరిది వైపు తలాడించి అలిసిపోయాడు.

ఇన్‌స్పెక్టరమ్మ మాత్రం వింటూ వింటూ తీగ రీలును చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తోంది. దాని మీది చీటీ సగం చిరిగి ఉంది.

"అక్కా, ఈ తీగ ఎవరు చేస్తారు?"

వాదన ఆగిపోయింది. అక్క మరిది వైపు చూసింది, మరిది ఏజెంటు వైపు చూశాడు. ఏజెంటు రెండు ఫోన్లూ జేబులో పెట్టుకుని, తనకు నిజంగానే తెలియదన్నాడు. అక్క రీలు అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, చిరిగిన చీటీని వేలితో సాపు చేస్తూ కూడబలుక్కుని చదవసాగింది. మరిది ఆమె భుజం మీదుగా వంగి, ఆ రెండో అక్షరం అది కాదు వదినా అన్నాడు.