నాట్ విమానానికి బొట్టు

కుంకుమ అయితే తుడిస్తే పోతుంది, పసుపే పోదు, మెరుపు లేని రంగు మీద పసుపు పడితే తెల్లబట్టలో ఇంకినట్టు ఇంకిపోతుంది, ఆ సంగతి శ్రీదివ్యకి తెలిసినంతగా ఈ ఇంద్రేశం ఊరు మొత్తంలో ఇంకెవరికీ తెలియదు, అందుకే థిన్నర్‌లో ముంచిన దూదిపుల్ల విమానం ముక్కు దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది, ముక్కుకీ పైలట్ కూర్చునే చోటి అద్దానికీ మధ్య, మనిషికైతే నుదురు ఉండే చోట, పసుపు చుక్క, దాని మీద కుంకుమ చుక్క, డెబ్బై ఒకటి యుద్ధం నాటి నాట్ విమానం పేరంటానికి వచ్చిన ముత్తైదువలా బల్ల మీద కూర్చుంది, జానెడు ప్లాస్టిక్ విమానం, మూడేళ్ల కష్టం, రేపు ఆదివారం సికింద్రాబాదులో నమూనా విమానాల పోటీ, భూతద్దాలు పట్టుకుని బల్లల చుట్టూ తిరిగే మనుషులకి ఈ బొట్టు కనబడక చస్తుందా, ఇప్పుడు మొదలుపెడితే ముక్కు వరకూ గీకి, మళ్లీ రంగు కొట్టి, సాయంత్రానికి ఆరబెట్టవచ్చు, చెయ్యగలదు, చెయ్యాలి, కానీ గోడ అవతల వంటింట్లో అత్తగారు నర్సింహమ్మ దసరా మటన్ కడుగుతోంది, పొద్దున తను స్నానానికి వెళ్లినప్పుడు ఈ గదిలోకొచ్చి దీనికీ అరల్లోని విమానాలకీ బొట్లు పెట్టిపోయింది ఆవిడే, పండగపూట తాను పెట్టిన బొట్టు కోడలు చెరిపేయడం ఆవిడ చూస్తుంది, చూసి ఏమీ అనదు, అదే భయం, రాకేష్ ఉంటే వాడి మీదికి తోసేసేది, వాడేమో బండి కడిగించడానికి పోయాడు, మొగుడనేవాడు సరిగ్గా అవసరమైన వేళకే బండి కడిగించడానికి పోతాడు.

అసలు ఈ గదిలోకి ఎందుకొచ్చింది, రెండేళ్లలో ఎన్నడూ గడప దాటని మనిషి, దీనికి ఆవిడ పెట్టిన పేరు బొమ్మల అర్ర, పెండ్లయిన ఆడిపిల్ల బొమ్మలతోని ఆడుడేందిరా అని కొడుకుని అడిగింది తప్ప తనని ఒక్కసారీ అడగలేదు, తనతో చెప్పాల్సినవన్నీ కొడుకు ద్వారానే, ఆమెకు చారు పొయ్యాల్నా అడుగు, ఆమె ఇయ్యాల డ్యూటీకి పోతదా అడుగు, ఆమె అంటే ఎదురుగా కంచం ముందు కూర్చున్న తనే, ప్రేమపెళ్లి మరి, గోదావరి వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయిన సూర్యప్రకాశరావు కూతురు బొంతపల్లి నుంచి వచ్చి ఇంద్రేశంలో స్థిరపడ్డ రైతుల ఇంటికి కోడలవడం ఆవిడకి మింగుడుపడలేదు, దసరానాడు మాంసమా అని మొదటి ఏడాది తను నోరెళ్లబెట్టడం కూడా మింగుడుపడలేదు, పోనీ అన్నం విషయంలో, పండగల విషయంలో, మాట విషయంలో ఎన్నిటికో సర్దుకుంది, ఈ గది ఒక్కటే తనది, మొదటి విమానం నాన్న కొనిపెట్టాడు, ఆడపిల్లకి విమానమేంటండీ అని అమ్మ గొణిగితే, ఏదైనా ఓపిగ్గా అతికించడం నేర్చుకుంటుంది లేవే అన్నాడు, నేర్చుకుంది, అంతకంటే ఎక్కువగా తప్పులు పట్టడం నేర్చుకుంది, ఫ్యాక్టరీలో చేసేదీ అదే ఉద్యోగం, లేతు మీంచి వచ్చిన ముక్క కొలత తప్పితే పక్కన పడేయడం, ఇంట్లోనూ అదే, రెక్క మీద మూడు రంగుల గుండ్రం వెంట్రుకవాసి పెద్దదైతే పట్టేస్తుంది, బూడిదరంగు ఒక్క పాలు ముదురైతే పట్టేస్తుంది, పోయినేడు పోటీలో మురళీమోహన్ గారు ముచ్చటపడి చేసిన హంటర్ విమానం తోక మీద ఒక గుర్తు చూపించి, దీనికి ఆధారం ఉందాండీ, అప్పటి ఫొటో ఏదైనా ఉందా అని అందరిముందూ అడిగింది, ఆయన మొహం ఇంత చిన్నదైపోయింది, ఈసారి మార్కులు వేసేవాళ్లలో ఆయనొకరు, భూతద్దం దించి, ఈ బొట్టుకి ఆధారం ఉందా తల్లీ అని ఎంత తియ్యగా అడుగుతాడో ఇప్పటి నుంచే చెవుల్లో వినబడుతోంది, ఆయుధపూజ చేసుంటారండీ అందామంటే విమానం పక్కన పెట్టే కార్డు మీద డెబ్బై ఒకటి డిసెంబరు అని రాసుంది, ఆ ఏడు దసరా సెప్టెంబరు చివర్లోనే అయిపోయిందని ఇందాకే ఫోన్లో చూసింది, రోజూ గాల్లోకి లేచి దిగే విమానం మీద దసరా బొట్టు డిసెంబరు దాకా ఎక్కడుంటుంది, ఉండదు, ఇది తప్పు, ఎవరు పెట్టినా తప్పే, దూదిపుల్ల మళ్లీ ముందుకు జరిగింది.

అత్తయ్యగారూ, వీటికి బొట్టు మీరే పెట్టారా, మామూలుగానే అడుగుదామనుకుంది, నిలదీసినట్టు వచ్చింది గొంతు, వంటింట్లో నీళ్ల చప్పుడు ఆగింది, నేనే పెట్టిన, ఏంది, తప్పైందా అంది నర్సింహమ్మ, కొడుకు ఇంట్లో లేడు కనక నేరుగా తనతోనే, తప్పని కాదు గానీ, అని నసుగుతుంటే ఆవిడే తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గడప అవతల నిలబడింది, దూదిపుల్ల చూసింది, చూడనట్టే చూపు పక్కకి తిప్పేసుకుంది, వేలుతోనే పెడదామనుకున్న బిడ్డా, గింత చిన్నగున్నది, వేలుతోని పెడితే మొఖమంత మునుగుతది, గందుకే పిన్నీసు మొనతోని పెట్టిన, అద్దాలకు తగలనియ్యలే, జెర కండ్లు గుంజినయ్ గంతే, నీకు వద్దనిపిస్తే తుడువు, నేనేమన్న అనుకుంటనా, అని వెళ్లిపోయింది, అనుకోను అన్నదంటే అనుకుంటుందనే, ఈ విషయంలో ఏ వైపు అత్తగార్లైనా ఒక్కటే, కానీ బిడ్డా అంది, అనేసి వెళ్లిపోయింది, తను సరిగ్గా విన్నదో లేదో, మోకాళ్లు నొప్పని కింద కూర్చోవడమే మానేసిన మనిషి, కళ్లజోడు పెట్టుకున్నా సూదిలో దారం ఎక్కదని విసుక్కునే మనిషి, ఇన్ని విమానాలకీ వంగి వంగి పిన్నీసు మొనతో పెట్టిందా, చెయ్యి దానంతటది వెర్నియర్ కొలబద్ద తీసింది, ఫ్యాక్టరీ రోగం, కొలవనిదే ఏదీ నమ్మదు, కుంకుమ చుక్క అర మిల్లీమీటరు, ఓ పిసరు ఎక్కువ, ఇది అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు, కాబట్టి నలభై ఎనిమిదితో హెచ్చిస్తే, శ్రీదివ్య మళ్లీ ఒకసారి హెచ్చించి చూసుకుంది, అసలు విమానం మీద అది బొటనవేలంత బొట్టు, నిచ్చెనెక్కి ఎవరో బొటనవేలితో నిజంగా పెడితే ఎంతుంటుందో అంత, కొలత కుదిరింది, పక్క అరలో ఇంకా చిన్న విమానాల మీద ఇంకా చిన్న చుక్కలు, అన్నీ నుదుటనే, ఒక్కటీ అద్దానికి తగల్లేదు, తన చేతికింద ఇంత శుభ్రంగా పనిచేసేవాళ్లు ఫ్యాక్టరీలో ఎంతమంది ఉన్నారని నవ్వొచ్చింది, కోపం మీద ఉండగా నవ్వొస్తే ఎంత చిరాగ్గా ఉంటుందో, అయినా వచ్చింది.

నిన్న ఫ్యాక్టరీలోనూ పూజే, కొబ్బరికాయలు, నిమ్మకాయలు, మిషన్లన్నిటికీ బంతిపూల దండలు, కొలతల బల్లకి బొట్టు పెట్టబోయిన బీహార్ ఆపరేటర్‌ని తను కసిరింది, ఒక్క రేణువు పడినా కొలత తప్పుతుందయ్యా అని, అతను నొచ్చుకోలేదు, యే భీ తో కామ్ కర్తా హై మేడమ్ అన్నాడు, ఇదీ పనిచేసేదే కదా అని, అవును, పనిచేసేవాటికే పెడతారు, లేతుకి, ట్రాక్టరుకి, కత్తిపీటకి, మరి, మరి అనుకుంటూ శ్రీదివ్య దూదిపుల్ల పట్టుకునే హాల్లోకి నడిచింది, ఏదో తట్టింది, తట్టింది నిజమో కాదో చూడాలి, ఆధారం కావాలి, గాజు అల్మారాలో కొండపల్లి ఏనుగు అంబారీ ఉంది, దానికి బొట్టు లేదు, తలాడించే తంజావూరు బొమ్మకి లేదు, పెళ్లికి ఎవరో ఇచ్చిన వెండి నెమలికి లేదు, కుట్టుమిషనుకి ఉంది, మిక్సీకి ఉంది, మూలనున్న మామగారి గొడ్డలికి ఉంది, గబగబా వెనక్కి వచ్చి బల్ల కింద చూస్తే రంగులు కొట్టే కంప్రెసర్‌కి ఉంది, అతికించే పట్టకార్లకి ఉంది, వేలెడు లేని సానపట్టే రాయికి కూడా ఉంది, ఒక్క బొమ్మకీ పెట్టలేదావిడ, ఈ ఇంట్లో పనిముట్లకి మాత్రమే పెట్టింది, అత్తగారి లెక్కలో ఈ బొమ్మల అర్ర పనిచేసే గదిగా ఎప్పుడు మారిందో, తను రాత్రుళ్లు వంగి కూర్చోవడం ఆవిడ ఎన్నిసార్లు గుమ్మంలోంచి చూసి చప్పుడు చెయ్యకుండా పోయిందో, ఎవరికీ చెప్పలేదు, కొడుకుతోనూ అనలేదు, పిన్నీసు తీసుకుని వచ్చేసింది, శ్రీదివ్యకి కళ్లు నిండాయి, సంతోషంతోనే, అది ఆమెకి స్పష్టంగా తెలుస్తూనే ఉంది.

దూదిపుల్ల చెత్తబుట్టలో పడేసింది, మార్కులు కోస్తే కోసుకోనీ, ఆనాడు ఆ విమానానికి ఎవరైనా బొట్టు పెట్టారో లేదో తనకి తెలియదు, తెలిసినట్టు రాయదు, కొత్త కార్డు తీసి, బొట్టుకి ఫొటో ఆధారం లేదు, ఈ దసరాకి ఇంద్రేశంలో మా అత్తగారు పెట్టింది అని రాసింది, ఇంతకంటే కచ్చితమైన ముక్క తన సేకరణ మొత్తంలో లేదు, చదువుకుని మురళీమోహన్ గారు నవ్వుతారు, నవ్వనీ, ఆయనకి ఆ తోక గుర్తు మీద ఎందుకంత ముచ్చటో ఈసారి అడగాలి, తలెత్తితే అన్నిటికంటే పై అరలో ఒకే ఒక్క విమానం బోడి నుదుటితో ఉంది, నాన్న కొనిపెట్టినది, రెక్క కాస్త వంకర, జిగురు మరకలు, అంత ఎత్తు ఆవిడకి అంది ఉండదు, పోటీలో దీని మొహం ఎవరూ చూడరు, శ్రీదివ్య స్టూలెక్కి దాన్ని రెండు చేతులా దించి, వంటింట్లోకి తీసుకెళ్లి, అత్తయ్యా, ఇదొక్కటి మిగిలిపోయింది అంది, నర్సింహమ్మ చేతులు కడుక్కుని కుంకుమ భరిణె తీసింది, విమానాన్ని వెలుతురుకి తిప్పి చూసి, ఇది నువ్వు పని నేర్చిన కొత్తల చేసినదా అని అడిగింది, పని అంది, అవునంది శ్రీదివ్య, తను ఈ ఇంటికి కోడలై రెండేళ్లయింది గానీ, ఈ ఇంటి మనిషైంది ఈ పొద్దున తను స్నానం చేస్తున్నప్పుడే.