రాగిరేకుల తూనిక

వర్షాకాలమున కలగి యెఱ్ఱవాఱిన సాగరజలము తేఱి నీలకాంతుల నీనుచుండ, ప్రభాతమందమారుతమునకు నౌకాధ్వజములు మెల్లమెల్లన కదలుచుండ, తీరసైకతమున నద్దకపు వస్త్రములు బారులు బారులుగ నాఱుచుండ, శరత్కాలమున మౌక్తికపురి రేవు కన్నులపండువుగ నుండెను.

ఆ నగరమున కనకద్వీపమువారికిని మరకతదేశమువారికిని అద్దకపుశాలలు పెక్కులు గలవు. స్వదేశమునందలి వర్తకగృహములు తమ శాలలకు ధనమును కొంత పెట్టుబడివాటాగను కొంత ఋణముగను పంపుచుండును. ఋణ మెంతయో యంతకు దగిన బరువుగల రాగిరేకుపై నొడంబడికను చెక్కించి కోశాగారమున దాచుట యచ్చటి యాచారము. ఏ దేశపు ఋణ మధికమో తెలియవలసినచో లెక్కలతో తలలు బద్దలు కొట్టుకొనక రేకులను త్రాసున కెక్కింతురు. సులువైన పద్ధతియే.

ఆ యేడు మౌక్తికపురి నేలు రాణి చంద్రలేఖాదేవి తాను నూతనముగ గట్టించిన నౌకాఘట్టమును తన రాజ్యమున నధికఋణము నిలిపిన దేశమునకే యిత్తునని ప్రకటించెను. కనకద్వీపపు రాయబారి సుగుప్తుడు స్వదేశఋణములకు కావలియై పరదేశమున తల నెరసినవాడు. ఘట్టమును సాధించినచో నింటికి రావచ్చునని ప్రభువు మాట యిచ్చియుండెను. పాపము, ఆ వృద్ధుడు మనుమరాలి ముఖమైన నెఱుగడు.

తూనికనాడు కోశాధికారులు కనకద్వీపముద్ర గల రేకుల నెల్ల నొక పళ్లెమునను మరకతముద్ర గలవాని నెల్ల వేఱొక పళ్లెమునను ఉంచిరి. కనకద్వీపపు పళ్లెము నేలకు దిగెను. జనులు జయధ్వానములు చేసిరి. సుగుప్తుని ముఖము మాత్రము వాడెను. ఆతడు మెల్లగ లేచి వచ్చి యా పళ్లెమునుండి కొన్ని రేకులను తీసెను. త్రాసు సమముగ నిలిచెను. ఇక ఘట్టము నిరువురును పంచుకొందురని సభ గుసగుసలాడెను. అచ్చట నాగినచో నాతని నెవ్వరు నేమియు ననరు. ఆగవలెనని యాతనికిని దోచెను. అయినను చేతి రేకులను మరకతదేశపు పళ్లెమున నుంచెను. అది దిగిపోయెను.

“రాయబారీ, నీ రేకులను పరుల పళ్లెమున నుంచుట యేమి?” అని రాణి యడిగెను.

“దేవీ, ఇవి మేము మీ రాజ్యమున కిచ్చినవి కావు. ఇచ్చటి మా శాలలు లాభము గడించి తిరిగి మా దేశమునకే ఋణముగ నిచ్చినవి. మేము పుచ్చుకొన్నదానిని గూడ నిచ్చినట్లు చూపుట నా వలన గాదు. పుచ్చుకొన్నంత మే మిచ్చినదానినుండి తీసివేయవలెను గదా. నా పళ్లెమున తగ్గవలసినది వారి పళ్లెమున పెరిగినను ఫల మొక్కటియే.”

కోశాధికారులు సిగ్గుపడిరి. మరకతదేశపు రాయబారి వసుమిత్రుడు చేతులు జోడించెను. రాణి ఘట్టమును మరకతదేశమున కిచ్చి పిదప సుగుప్తునితో నిట్లనెను.

“నేటినుండి కనకద్వీపపు ఋణములకు రేకు లక్కఱలేదు, మీ మాటయే చాలును. మాటకు కావలి యేల? నిన్నింటికి బంపుమని మీ ప్రభువునకు మేమే వ్రాసెదము.”

వృద్ధుడు నిండుసభలో బిడ్డవలె నేడ్చెను. ప్రభువు సమ్మతి వచ్చినపిమ్మట వసుమిత్రుడు నూతనఘట్టమునుండి వెడలు తొలి నౌకలో నాతనిని తానే కూర్చుండబెట్టెను. తీరము కనుమఱుగు గాకమున్నే సుగుప్తుడు తెరచాపనీడలో గుఱ్ఱుపెట్టి నిద్రించుచుండెను.