ముక్తసరి కోడలు

రత్నమాణిక్యం గారు నోరు విప్పారంటే నరసాపురం రేవులో పంటు అవతలి ఒడ్డుకి వెళ్ళి తిరిగొచ్చేదాకా మూయరు. లేసు అల్లే ఆడవాళ్ళకి దారం ఉండలిచ్చి, అల్లినవి తీసుకోవడం ఆవిడ పని. ఉండ ఇవ్వడానికి నిమిషం, కబుర్లకి గంట. అలాంటి ఇంటికి నాలుగు నెలల క్రితం రాజమండ్రి నుంచి కోడలై వచ్చింది మంజుష. ఏమడిగినా “ఊ”, “సరేనండి”, “అలాగేనండి”. ఈ మూడింటితోనే కాపురం నెట్టుకొస్తోంది.

ఈ పిల్లకి నేనంటే ఇష్టం లేదేమో అని ఆవిడకి లోలోపల గుబులు. ఎవరికీ చెప్పుకోలేదు పాపం. చెప్పుకోని సంగతి ఆవిడ జీవితంలో అదొక్కటే.

ఓ ఉదయం పెరట్లో మంజుష వాళ్ళమ్మతో ఫోన్లో అంటున్న మాట ఆవిడ చెవిన పడింది. “అత్తయ్యగారితోనా? ముక్తసరిగానే మాట్లాడుతున్నానమ్మా.”

రత్నమాణిక్యం గారి మొహం చాటంత అయింది. తక్కువ మాట్లాడ్డమే ఎరగని మనిషికి ఆ మాటకి అర్థం ఎలా తెలుస్తుంది? శుక్రవారం స్తోత్రాల పుణ్యమా అని ముక్త అంటే ముత్యమని మాత్రం తెలుసు. సరి అంటే సరమే అయ్యుంటుంది. ముత్యాలసరంలా ఏరి కూర్చి మాట్లాడుతోందన్నమాట పిల్ల!

మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా తెలిసిపోయింది. “మా కోడలు నాతో ఎంత ముక్తసరిగా మాట్లాడుతుందనుకున్నారు! పెట్టిపుట్టాలండీ!” విన్నవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చివరికి ఎదురింటి తెలుగు మాస్టారు తాతాజీ గారు ఉండబట్టలేక చెప్పేశారు.

“ముత్యాలూ లేవు, సరాలూ లేవండి. వెనకటి సర్కారు కచేరీల్లోంచి వచ్చిన పార్సీ మాట. పొడిపొడిగా, తెంపేసినట్టు మాట్లాడ్డం.”

“అంటే క్లుప్తంగా అనాండీ?”

“అదీ కాదండి. చెప్పాల్సింది తక్కువ మాటల్లో చెబితే క్లుప్తం. చెప్పడం ఇష్టం లేక తక్కువ చెబితే ముక్తసరి.”

వీధిలో పరువు పోయింది. పోతే పోయింది, నాలుగు కబుర్లు చెప్పి మళ్ళీ తెచ్చుకోవచ్చు. పిల్లకి తనంటే గిట్టదన్నదే ఆవిడ గుండెలో ముల్లై దిగింది. రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు పంతం పట్టారు.

“కాఫీ ఇమ్మంటారా అత్తయ్యా?”

“ఊ.”

“ఏం కూర చెయ్యమంటారండి?”

“నీ ఇష్టం.”

గొంతుదాకా వచ్చిన మాటల్ని మింగీ మింగీ ఆవిడకి ఆయాసం వచ్చింది. దారం కోసం వచ్చిన వీరమ్మ “ఒంట్లో బాలేదా అండి?” అంటూ నుదుటి మీద చెయ్యేసి చూసింది.

పదకొండింటికి మంజుష తరగని వంకాయలు చేతిలో పట్టుకునే వచ్చి ఎదుట నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు. “నా మీద కోపమొచ్చిందా అండి?”

“నాలుగు నెలల్నించి నువ్వు చేస్తున్నదేగా తల్లీ. నేను ఒక్కపూట చేశాను.”

“అయ్యో, ఇష్టం లేక కాదండీ! మా నాన్న పోయాక అమ్మా నేనూ భోంచేస్తుంటే కంచాల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. ఇక్కడ పొద్దుట లేచిన దగ్గర్నించీ మీరు ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు. నాకది ఎంత బావుంటుందో! మధ్యలో నేను మాట్లాడితే ఎక్కడ ఆపేస్తారోనని...” అంటూ మంజుష వెక్కింది.

రత్నమాణిక్యం గారు కోడలి చేతిలోని వంకాయలు తీసి పక్కన పెట్టారు.

“కూర్చోవే,” అన్నారు.

నాలుగు నెలలుగా అమ్మా, తల్లీ అంటూ మర్యాద చేసిన నోటికి ఆ ‘వే’ ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. మంజుష పక్కనే చతికిలబడింది. ఆ రోజు ఆ ఇంట్లో కూర పొయ్యి ఎక్కేసరికి రెండు దాటింది.