పింగాణీ మోకాలు

మా ఆయన చెంచురామయ్యకి కుడి మోకాలు మార్చింది తొంభై తొమ్మిదిలో, హైదరాబాదులో. కీలు పైభాగం పింగాణీది, కిందది లోహం, మధ్యలో ప్లాస్టిక్ బిళ్ల అని డాక్టర్ బొమ్మ గీసి చూపించాడు. "పింగాణీ అరగదు. బిళ్ల అరుగుతుంది. నొప్పి ఉన్నా లేకపోయినా ప్రతి ఫిబ్రవరిలో వచ్చి ఎక్స్‌రే తీయించుకోవాలి" అన్నాడు. అందులో నా చెవికెక్కింది మొదటి మాటే.

ఫిబ్రవరి అంటే మా జూలూరుపాడులో మిరప కోతలు. అడవి పల్లెల నుంచి ముప్పై మంది కూలీలు దిగుతారు. కల్లంలో దగ్గరుండి తాలు కాయలు ఏరించే మనిషి లేకపోతే ఏడాది కష్టం గంగపాలే. మొదటి ఏడు ఈయన చొక్కా తొడుక్కుని హైదరాబాదు బయల్దేరాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"మా అమ్మమ్మ ఇచ్చిన ఊరగాయ జాడీ చూడండి. అరవై ఏళ్లు! ఎక్కడన్నా అరిగిందా? మీ మోకాలూ పింగాణీయేగా? శుభ్రంగా నడుస్తూ డాక్టర్ దగ్గరికెందుకు, పని లేకపోతే సరి."

ఆయన నవ్వి, చొక్కా విప్పి, కల్లానికి వెళ్లిపోయాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను. మరుసటి ఏడు ఆయన అడగలేదు, నేనూ గుర్తు చేయలేదు. అలా ఎనిమిది కోతలు గడిచాయి.

తొమ్మిదో కోతల్లో, ఏటా మా చేలో కాయ కోసే గంగక్క నన్ను పక్కకు పిలిచింది.

"అమ్మా, అయ్య కాలు గట్ల ఈడుస్తుండేంది? మోకాలు వాచింది, సూడలేదా? జల్దీ దవాఖానాకు తీస్కపో."

"కోతలు అవనీయవే" అన్నాను. రాత్రిళ్లు ఉప్పు మూటతో కాపడం పెట్టాను. పెద్దగా నొప్పి లేదన్నాడు. నమ్మితే నాకు సుఖం కాబట్టి నమ్మాను. పది రోజులకి కల్లంలో, బరువేమీ ఎత్తకుండానే, ఊరికే అడుగు వేస్తూ కూలబడ్డాడు. అరుపు విని పరుగెత్తాను. మోకాలి పైన తొడ పక్కకి వంగిపోయి ఉంది.

హైదరాబాదులో అదే డాక్టర్. పింగాణీ చెక్కుచెదరలేదట. బిళ్ల అరిగి, ఆ పొడి వల్ల చుట్టూ ఉన్న ఎముక ఏళ్ల తరబడి కరిగిపోయిందట. కొత్త కీలు నిలబడేంత ఎముక మిగల్లేదు. కడ్డీ వేసి కాలు నిటారుగా బిగించేయాలి, ఇక మడవడం ఉండదు. అదీ అతక్కపోతే కాలు తీసేయాలి.

"రెండేళ్ల ముందొచ్చినా బిళ్ల మార్చి పంపేవాణ్ని. ఎందుకు రాలేదు?" అని కసిరాడు.

చెబుదామనే నోరు తెరిచాను. ఈలోపే మంచం మీంచి ఈయన అందుకున్నాడు.

"నా బద్ధకం సార్. హైమ పోరుతూనే ఉంది. నేనే వినలేదు."

డాక్టర్ నా వైపు జాలిగా చూశాడు. "మీ మాట విని ఉంటే బాగుండేదమ్మా" అన్నాడు. నేను కాదనలేదు. తల ఊపి, ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాను.

ఏడాది తిరిగినా ఎముక అతకలేదు. కాలు తీసేశారు. ఇప్పటికీ చూడ్డానికి ఎవరొచ్చినా ఆయన అదే మాట చెబుతాడు. నేను కాఫీ కలిపే వంకతో లోపలికి వెళ్లిపోతాను.