ఠాణా మిషన్

సెవెర్ ప్రుందారు భూతద్దం పట్టుకుని నూట పన్నెండో నమూనా కాగితం చూస్తున్నాడు. జనవరి వచ్చిందంటే ఊళ్ళో టైపు మిషన్ ఉన్న ప్రతివాళ్ళూ దాన్ని చంకనెత్తుకుని ఠాణాకు రావాలి, సర్కారు చెప్పిన పేరా కొట్టి చూపాలి. రేపెవరైనా సర్కారు మీద కాగితం కొట్టి అంటిస్తే, అక్షరాల్ని బట్టి ఏ మిషనో పట్టేయడానికి. ఏ మిషన్‌కు ఏ అక్షరం వంకరో ఇరవై రెండేళ్ళుగా సెవెర్‌కు కంఠతా వచ్చు. వంగిన మెడ, సిరా మరకల వేళ్ళు, గదిలోనూ విప్పని కోటు. ఆయన్ని చూసి ఎవరూ భయపడరు. అందుకాయనకు లోలోపల సంతోషమే.

పక్కనే ఇంకో కాగితం ఉంది. ఎవరో రొట్టెల కొట్టు తలుపుకు అంటించిపోయారు. ‘పొదుపని కరెంటు తీసేసిన నాడు ఆస్పత్రిలో ముగ్గురు పసికందులు చలికి చచ్చిపోయారు. న్యుమోనియా అన్నది అబద్ధం.’ అందులో ప్రతి ‘ఎన్’ అక్షరానికీ కుడికాలు విరిగి ఉంది.

మేజర్ వింటిలా తలుపు తోసుకొచ్చాడు.

“ఏమయ్యా, ఇంకా గుడ్డు మీద ఈకలు పీకుతున్నావా? సంగీతం టీచరమ్మ మిషనేనని రాసెయ్. తమ్ముడు దేశం వదిలి పారిపోయాడు, ఇంకేం కావాలి?”

“అగ్లాయా గారి మిషన్‌లో ఎన్ నిక్షేపంగా ఉంది, కామ్రేడ్ మేజర్.”

“రెండింటికి బుకారెస్ట్ నుంచి ఖైదీల బండి వస్తుంది. ఎవరో ఒకర్ని ఎక్కించాలి. అది గుర్తుపెట్టుకో.”

పొద్దున పట్టుకొచ్చి కూర్చోబెట్టిన కింది గదిలోంచి ఆవిడ దగ్గు వినిపిస్తూనే ఉంది.

ఆ మరణాల మీద దర్యాప్తు చేసింది ఆయనే. ఉన్నదున్నట్టు రాస్తే, న్యుమోనియా అని దిద్దమన్నారు. దిద్దాడు. సిగ్గుతో వారం రోజులు అన్నం సయించలేదు. తర్వాత కొట్టు తలుపుకు అంటించిన ఆ కాగితం కొట్టిందీ ఆయనే, ఈ గదిలోని మిషన్ మీదే. ఠాణా మిషన్‌కు నమూనా అడిగేదెవరు? ఎవరి కాగితంతోనూ కలవదు, ఎవరూ దొరకరు అనుకున్నాడు. దొంగ దొరక్కపోతే దొరికినవాళ్ళనే దొంగను చేస్తారని, ఇన్నేళ్ళు ఇక్కడ పనిచేసి కూడా మర్చిపోయాడు.

మిషన్ ముందుకు లాక్కున్నాడు. ‘ఇది అగ్లాయా తోమ్షా మిషన్ కాదు. ఏ మిషనో ఈ నివేదికే చెబుతుంది. కొట్టినవాణ్ణి నేను.’ సంతకం పెట్టి, ఒక ప్రతి జిల్లా న్యాయాధికారి పేర పన్నెండింటి తపాలాలో పంపేశాడు.

మేజర్ చదివాడు. భూతద్దం పెట్టి మళ్ళీ చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“కంచే చేను మేసిందన్నమాట! చింపేస్తాను దీన్ని.”

“ఇంకో ప్రతి తపాలాలో వెళ్ళిపోయిందండీ.”

“ఏడాదిలో పింఛను పెట్టుకుని ఎందుకయ్యా నీకీ పని?”

“పసివాళ్ళ గోళ్ళు చూశానండీ. నీలంగా ఉన్నాయి.”

రెండింటికి ఇద్దరు మనుషులు ఆయన్ని మెట్ల మీదుగా దింపారు. కింద అగ్లాయా చేతిసంచి గుండెలకు అదుముకుని నిలబడి ఉంది.

“నేను వెళ్ళొచ్చా, బాబూ?”

“వెళ్ళండమ్మా. మీ మిషన్ మర్చిపోకండి.”

బండి కదిలింది. పైన ఆయన బల్ల మీద, నివేదిక మీద పెట్టిన భూతద్దం అలాగే ఉంది. దాని కింద బొటనవేలంత ఎన్ అక్షరం ఒంటికాలి మీద నిలబడి ఉంది.